పోల్ పాట్‌ను కూల్చిన దండయాత్ర: న్యాయం ఎంతవరకు?

క్లుప్తంగా: 1978 డిసెంబరు 25న వియత్నాం సేనలు కంబోడియా మీద భారీ దాడికి దిగాయి. రెండు వారాల్లో పోల్ పాట్ నాయకత్వంలోని కమ్యూనిస్టు పార్టీ ఖ్మేర్ రూజ్ ప్రభుత్వం కూలింది. ఎనిమిది వారాలు తిరక్కముందే వియత్నాం మీద చైనా దండెత్తింది. ఆ తర్వాత పదేళ్లు ఆ ప్రాంతం రగులుతూనే ఉంది. చరిత్రకారులు దీన్ని మూడో ఇండోచైనా యుద్ధం అంటారు. ఆ దాడితో లక్షలాది మందిని బలిగొన్న పాలన అంతమైంది. అయితే వియత్నాం దాడి చేసింది అందుకోసం కాదు, ఆనాడు తాను అలా చెప్పుకోనూ లేదు. సరిహద్దు దాటడం, ప్రభుత్వాన్ని కూల్చడం, పదేళ్లు ఉండిపోవడం అనే మూడు పనులను ఒకే తక్కెడలో తూచడం వల్లే ఈ వివాదం తెగడం లేదు.

పక్క దేశంలోకి సైన్యాన్ని పంపిన ప్రతి ప్రభుత్వమూ ఆత్మరక్షణ అంటుంది, లేదా అక్కడి ప్రజలను కాపాడటానికే వెళ్లామంటుంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టినప్పుడు రష్యా ఈ రెండూ చెప్పింది. ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా చర్చల్లో కంబోడియా పేరు వినిపిస్తుంది. దండయాత్ర వల్ల మేలు జరిగిందనడానికి అంతకంటే బలమైన ఉదాహరణ దొరకడం కష్టం. కాబట్టి ఆనాడు అసలేం జరిగిందో, ఎవరు ఏమని వాదించారో విడదీసి చూడటం అవసరం.

ఒకే నెలలో రెండు విజయాలు

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ గెరిల్లాలు కంబోడియా రాజధాని ఫ్నోంపెన్‌ను పట్టుకున్నారు. పదమూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 30న, ఉత్తర వియత్నాం ట్యాంకులు దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్‌లోకి (నేటి హోచిమిన్ నగరం) ప్రవేశించాయి. రెండూ కమ్యూనిస్టు శక్తులే, అమెరికా అండ ఉన్న ప్రభుత్వాలను ఓడించి గెలిచినవే. బయటి ప్రపంచం వీళ్లను అన్నదమ్ములనుకుంది. వాస్తవంలో వాళ్లు దాయాదులు. మెకాంగ్ డెల్టా ఒకప్పుడు ఖ్మేర్ రాజ్యంలో భాగం. నేటి హోచిమిన్ నగరానికి ఖ్మేర్ భాషలో ప్రేయ్ నొకోర్ అనే పాత పేరు ఇప్పటికీ ఉంది. తమ నేలను వియత్నాం కొంచెం కొంచెంగా మింగుతూ వచ్చిందన్న భావన కంబోడియా జాతీయవాదంలో లోతుగా నాటుకుపోయింది. పోల్ పాట్ బృందం దాన్ని రాజ్య విధానంగా మార్చింది.

అధికారం చేతికొచ్చిన కొద్ది వారాలకే, 1975 మే నెలలో, ఖ్మేర్ రూజ్ దళాలు ఫూకువోక్, థోచూ దీవుల మీద దాడి చేశాయి. థోచూ నుంచి సుమారు 500 మంది పౌరులను పట్టుకుపోయాయి. వాళ్లు తిరిగి రాలేదు. వియత్నాం ఆ దీవిని వెనక్కి తీసుకుంది, రెండు పక్షాలూ అప్పటికి సర్దుకున్నాయి.

దేశం లోపల జరుగుతున్నది అంతకంటే దారుణం. నగరాలను ఖాళీ చేయించి జనాన్ని పొలాల్లోకి తోలారు. డబ్బును, మార్కెట్లను, బడులను రద్దు చేశారు. ఆకలి, వెట్టిచాకిరీ, జబ్బులు, ఉరితీతల మధ్య సుమారు 80 లక్షల జనాభాలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా. చాం ముస్లింలను, వియత్నాం మూలాలున్నవారిని ఏరి మరీ చంపారు. కంచే చేను మేసిన ఈ కథ 1978 నాటికే శరణార్థుల ద్వారా బయటకు వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్రపంచంలో మానవ హక్కులను అత్యంత ఘోరంగా కాలరాస్తున్నది ఈ ప్రభుత్వమేనని ప్రకటించారు. అయినా ఏ దేశమూ సైన్యాన్ని పంపుతాననలేదు.

సరిహద్దులో రెండేళ్లు

వియత్నాం వాదనలో బలమైన భాగం ఇక్కడే ఉంది. 1977 ఏప్రిల్ 30న, సైగాన్ విజయానికి సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున, ఖ్మేర్ రూజ్ దళాలు వియత్నాంలోని అన్‌జాంగ్ రాష్ట్రంలోని గ్రామాల మీద పడ్డాయి. సెప్టెంబరులో తాయ్‌నిన్ రాష్ట్రంలో వందలాది పౌరులను చంపాయి. భూమి కోసం జరిగే మామూలు సరిహద్దు తగాదాల తీరు ఇది కాదు. దాడి చేసినవారు పట్టుకున్న ఊళ్లను నిలుపుకోలేదు. దొరికినవారిని చంపి వెనుదిరిగారు.

1977 డిసెంబరులో వియత్నాం గట్టిగా ఎదురుదాడి చేసింది. సేనలు కంబోడియా లోపలికి చాలా దూరం చొచ్చుకుపోయాయి. డిసెంబరు 31న ఫ్నోంపెన్ దౌత్య సంబంధాలు తెంచుకుంది. 1978 జనవరి మొదటి వారంలో వియత్నాం సేనలు వెనక్కి వచ్చేశాయి. దెబ్బ రుచి చూపించాం, ఇక దారికొస్తారన్నది వియత్నాం రాజధాని హనోయ్ అంచనా. పోల్ పాట్ మాత్రం దాన్ని తన విజయంగా చాటుకున్నాడు.

ఫిబ్రవరి 5న హనోయ్ ఒక ప్రతిపాదన పెట్టింది: కాల్పులు ఆపాలి, ఇరు సేనలూ సరిహద్దు నుంచి ఐదేసి కిలోమీటర్లు వెనక్కి జరగాలి, అంతర్జాతీయ పర్యవేక్షణ ఉండాలి. ఫ్నోంపెన్ తిరస్కరించింది. ఏప్రిల్ 18 నుంచి పన్నెండు రోజులపాటు అన్‌జాంగ్‌లోని బా చూక్ గ్రామంలో మారణహోమం సాగింది. వియత్నాం లెక్క ప్రకారం మృతులు 3,157 మంది. గుడుల్లో తలదాచుకున్నవారిని కూడా వదల్లేదు. మే నెలలో ఫ్నోంపెన్ రేడియో ఒక్కో ఖ్మేర్ ముప్పై మంది వియత్నామీయులను చంపితే చాలునని లెక్క కట్టి వినిపించింది.

పరిమిత ఎదురుదాడి చేశారు, ఫలించలేదు. చర్చలకు పిలిచారు, రాలేదు. భద్రతా మండలిలో చైనాకు వీటో ఉంది, పోల్ పాట్‌కు ఉన్న ఏకైక పెద్ద అండ చైనాయే. ఆ తలుపు తట్టినా తెరుచుకునేది కాదు. బలప్రయోగం తప్ప మార్గం లేదన్న స్థితిని ఆత్మరక్షణ చట్టం కోరుతుంది. 1978 మధ్య నాటికి వియత్నాం ఆ స్థితికి చాలా దగ్గరగా చేరిందని ఈ పరిణామ క్రమం చెబుతోంది.

హనోయ్ చేసిన సన్నాహాలు

అయితే అదే కాలంలో హనోయ్ చేసిన మిగతా పనులు ఆత్మరక్షణ అనే మాటలో పూర్తిగా ఇమడవు. 1978 జూన్ చివర్లో వియత్నాం సోవియట్ కూటమి ఆర్థిక మండలి కామెకాన్‌లో చేరింది. జూలైలో చైనా సాయం ఆపేసింది. ఆస్తులు, వ్యాపారాలు పోగొట్టుకున్న చైనా సంతతి ప్రజలు రెండు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి చైనాకు వెళ్లిపోయారు. నవంబరు 3న మాస్కోలో స్నేహ ఒప్పందం కుదిరింది. చైనా నుంచి దెబ్బ వస్తే కాచుకోవడానికి అది బీమా.

డిసెంబరు తొలి రోజుల్లో సరిహద్దుకు దగ్గరలోని స్నూల్ వద్ద కంపూచియా (కంబోడియా) జాతీయ విమోచన ఐక్య సంఘటన అనే సంస్థ పుట్టింది. దాని నాయకుడు హెంగ్ సామ్రిన్, ఒకప్పటి ఖ్మేర్ రూజ్ సైనికాధికారి. 1978లో పోల్ పాట్ దేశపు తూర్పు మండలంలోని సొంత పార్టీవారినే ఊచకోత కోయించినప్పుడు వియత్నాంకు పారిపోయి వచ్చినవారు ఈ సంఘటనకు వెన్నెముక. తర్వాత కంబోడియా ప్రధాని అయిన హున్ సేన్ అంతకు ఏడాది ముందే వచ్చాడు. సంఘటన ప్రకటించిన మూడు వారాలకే దాడి మొదలైంది. అంత కొద్ది వ్యవధిలో అది సొంతంగా యుద్ధం చేయగల సైన్యాన్ని కూడగట్టిందంటే నమ్మడం కష్టం.

సుమారు లక్షన్నర మంది వియత్నాం సైనికులు కదిలారు. జనవరి 7న ఫ్నోంపెన్ వారి వశమైంది. నగరం దాదాపు నిర్మానుష్యంగా ఉంది. తువోల్ స్లెంగ్ అనే ఒకప్పటి పాఠశాలలో వారికి ఎస్-21 చిత్రహింసల జైలు కనిపించింది. వేలాది ఖైదీల ఫొటోలు, బలవంతంగా రాయించుకున్న వాంగ్మూలాలు అక్కడే పడి ఉన్నాయి. ప్రాణాలతో మిగిలినవారు గుప్పెడు మంది.

వియత్నాం ఏమని వాదించింది?

1979 జనవరిలో భద్రతా మండలి సమావేశమైంది. నేటి పాఠకుడికి వింతగా తోచే విషయం ఒకటి అక్కడ జరిగింది. ప్రజలను మారణహోమం నుంచి కాపాడటానికే వెళ్లామని వియత్నాం వాదించలేదు. కంబోడియాలో రెండు యుద్ధాలు జరుగుతున్నాయని చెప్పింది. ఒకటి సరిహద్దు యుద్ధం, అందులో తాను ఆత్మరక్షణ చేసుకుంటోంది. రెండోది కంబోడియా ప్రజలు తమ పాలకుల మీద చేస్తున్న విప్లవ యుద్ధం, ఫ్నోంపెన్‌ను విడిపించింది వారే.

మొదటి సగానికి ఆధారం ఉంది. రెండో సగాన్ని ఎవరూ నమ్మలేదు. మానవతా కారణాన్ని ముందు పెట్టకపోవడానికి కారణాన్ని ఊహించడం కష్టం కాదు. ఆత్మరక్షణకు ఐరాస ఛార్టర్ 51వ అధికరణంలో స్పష్టమైన చోటు ఉంది. పరాయి దేశ ప్రజలను వారి ప్రభుత్వం నుంచి కాపాడటానికి బలం వాడవచ్చని ఛార్టర్‌లో ఎక్కడా లేదు. పైగా సోవియట్ శిబిరమూ, కొత్తగా స్వతంత్రం పొందిన దేశాలూ అప్పట్లో సార్వభౌమత్వాన్నే తమ కవచంగా భావించేవి. ఆ కవచానికి తామే చిల్లు పెట్టడం హనోయ్‌కు లాభసాటి కాదు.

వియత్నాం ఎత్తని ఆ అంశాన్ని ప్రత్యర్థులే ఎత్తి తోసిపుచ్చారు. ఒక పాలన ఎంత అసహ్యమైనదైనా దాన్ని బయటి సైన్యం కూల్చడం సమర్థనీయమంటే ప్రమాదకరమైన దారి తెరుచుకుంటుందని ఫ్రాన్స్ హెచ్చరించింది. నార్వే, బ్రిటన్ కూడా పోల్ పాట్ పాలనను నిరసిస్తూనే అదే వైఖరి తీసుకున్నాయి. విదేశీ సేనలు వెళ్లిపోవాలన్న ముసాయిదాకు 13 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా రెండు: సోవియట్ యూనియన్, చెకోస్లొవేకియా. సోవియట్ వీటోతో తీర్మానం వీగిపోయింది. అనుకూలంగా ఓటేసిన 13 దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. పొరుగు సైన్యం వచ్చి నిరంకుశ పాలన నుంచి విడిపించగా పుట్టిన దేశమే అది, అప్పటికి ఏడేళ్లు గడిచాయంతే.

చట్టం ఏమంటుంది?

ఆత్మరక్షణకు అంతర్జాతీయ చట్టం రెండు షరతులు పెడుతుంది. అవసరం ఉండాలి, జవాబు దాడికి తగ్గ మోతాదులో ఉండాలి. మొదటిదాని సంగతి పైన చూశాం. అసలు చిక్కు రెండోదానితో. సరిహద్దు గ్రామాల మీద దాడులను ఆపడానికి రాజధానిని పట్టుకోవాలా? సరిహద్దు పొడవునా ఇరవై ముప్పై కిలోమీటర్ల రక్షణ పట్టీని ఏర్పరచుకుంటే సరిపోయేది కదా అని విమర్శకులు అడుగుతారు.

ఈ ప్రశ్నకు వియత్నాం పక్షాన గట్టి జవాబే ఉంది. 1977 డిసెంబరులో చేసింది సరిగ్గా అలాంటి పరిమిత చర్యే. దాని తర్వాత వచ్చింది బా చూక్. దాడులు ఎవరో స్థానిక కమాండర్ దుందుడుకుతనం వల్ల జరగలేదు, ఆజ్ఞలు ఫ్నోంపెన్ నుంచే వెళ్లాయి. మూలం రాజధానిలో ఉన్నప్పుడు సరిహద్దులో పట్టీ కట్టడం పుండు మీద మందు రాయడమే అవుతుంది. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే దీన్ని ఒప్పుకుంటే, సరిహద్దు తగాదా ఉన్న ప్రతి బలమైన దేశమూ పొరుగు ప్రభుత్వమే సమస్యకు మూలమని చెప్పి రాజధాని దాకా వెళ్లవచ్చు. ఫ్రాన్స్ భయపడింది ఇందుకే.

1948 నాటి జాతిహనన నిరోధక ఒప్పందం కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. జాతిహననాన్ని నిరోధించడం దేశాల బాధ్యత అని అది చెబుతుంది, ఒంటరిగా యుద్ధానికి వెళ్లమని చెప్పదు. బోస్నియా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2007లో దీన్ని స్పష్టం చేసింది: నిరోధించే బాధ్యతను అంతర్జాతీయ చట్టం అనుమతించిన హద్దుల్లోనే నెరవేర్చాలి. 2005లో ఐరాస ఆమోదించిన 'రక్షించే బాధ్యత' సూత్రం సైతం బలప్రయోగాన్ని భద్రతా మండలి చేతుల్లోనే పెట్టింది. అంటే 1978 పరిస్థితి నేడు పునరావృతమైనా, ఒక శాశ్వత సభ్య దేశం అడ్డు నిలిస్తే, చట్టబద్ధమైన దారి దాదాపు అంతే ఇరుకుగా ఉంటుంది.

కొత్త ప్రభుత్వమే సేనలను పిలిచిందన్న సమర్థన కూడా ఒకటుంది. వియత్నాంతో హెంగ్ సామ్రిన్ ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 1979 ఫిబ్రవరి 18న. అప్పటికి సైన్యం రాజధానిలో దిగి ఆరు వారాలైంది. పెళ్లి అయిపోయాక ముహూర్తం పెట్టించినట్టుంది ఆ వాదన.

చైనా నేర్పబోయిన పాఠం

1979 ఫిబ్రవరి 17న రెండు లక్షలకు పైగా చైనా సైనికులు ఉత్తర వియత్నాంలోకి ప్రవేశించారు. పాఠం నేర్పుతామని చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ అంతకుముందే బాహాటంగా అన్నారు, అమెరికా పర్యటనలో కార్టర్‌కూ చెప్పారు. ఆ రోజున భారత విదేశాంగ మంత్రి అటల్ బిహారీ వాజపేయి చైనాలోనే ఉన్నారు. 1962 యుద్ధం తర్వాత ఆ స్థాయి నేత అక్కడికి వెళ్లడం అదే మొదలు. ఆయన పర్యటనను మధ్యలోనే ముగించుకుని తిరిగివచ్చారు. ఇంట్లో అతిథి ఉండగా వేరొక పొరుగువాడి మీద చేసిన ఈ దాడిని ఢిల్లీ చాలాకాలం మరిచిపోలేదు.

చైనా లాంగ్‌సోన్ దాకా వెళ్లి మార్చి మధ్యకల్లా వెనక్కి వచ్చింది. ప్రాణనష్టం రెండు వైపులా భారీగానే జరిగింది. కంబోడియా నుంచి వియత్నాం కదల్లేదు. మాస్కో నేరుగా యుద్ధంలోకి దిగలేదు. ఆ రకంగా ఎవరి లక్ష్యమూ పూర్తిగా నెరవేరలేదు. సరిహద్దు కాల్పులు మాత్రం 1980ల పొడవునా సాగాయి. సరిహద్దు ఘర్షణలకు జవాబుగానే లోపలికి వెళ్లామని చైనా చెప్పుకుంది. వియత్నాం తన పొరుగుకు ఏ సూత్రం చెప్పిందో, దాదాపు అదే సూత్రం తన మీదికి తిరిగివచ్చింది.

అదే చలికాలంలో ఆఫ్రికాలో

పోల్చి చూడటానికి ఉగాండాను మించిన ఉదాహరణ లేదు. 1978 అక్టోబరు చివర్లో ఉగాండా నియంత ఈదీ అమీన్ సేనలు టాంజానియాలోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమించాయి. టాంజానియా వారిని తరిమికొట్టి అంతటితో ఆగలేదు. ఉగాండా ప్రవాసులను వెంటబెట్టుకుని 1979 ఏప్రిల్ 11న కంపాలాను పట్టుకుంది. అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే ఏమన్నారు? రెండు యుద్ధాలు జరుగుతున్నాయన్నారు. ఒకటి టాంజానియా ఆత్మరక్షణ, రెండోది ఉగాండావాసుల విముక్తి పోరాటం. హనోయ్ చెప్పింది మక్కీకి మక్కీ ఇదే. అయినా భద్రతా మండలి సమావేశం కాలేదు. ఆఫ్రికా దేశాల కూటమి సమావేశంలో నైజీరియా, సూడాన్ విమర్శించాయి తప్ప ప్రపంచం పెద్దగా నోరు మెదపలేదు.

తేడా ఎక్కడుంది? టాంజానియా ఏ అగ్రరాజ్యానికీ తోక కాదు, అమీన్‌కు లిబియా తప్ప పెద్ద అండ లేదు. వియత్నాం వెనక మాస్కో ఉంది, పోల్ పాట్ వెనక బీజింగ్ ఉంది, బీజింగ్‌తో అమెరికా అప్పుడే చేతులు కలిపింది. థాయ్‌లాండ్, సింగపూర్ వంటి ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాలకు తర్వాతి వంతు తమదేమోనన్న భయం ఉంది. ఐరాస చర్చల్లో చట్టం పేరు చాలాసార్లు వినిపించింది కానీ ఓట్లు మాత్రం ఎక్కువగా శిబిరాల వారీగానే పడ్డాయి.

1971 నాటి బంగ్లాదేశ్ యుద్ధం కూడా ఈ వరుసలోదే. కోటి మంది శరణార్థులు, డిసెంబరు 3న పాకిస్తాన్ వైమానిక దాడులు, డిసెంబరు 16న ఢాకా లొంగుబాటు. అప్పుడూ కాల్పుల విరమణ, సేనల ఉపసంహరణ కోరుతూ ఐరాస సర్వసభ్య సభ 104-11 ఓట్లతో తీర్మానించింది. కానీ భారత సైన్యం 1972 మార్చికల్లా వెళ్లిపోయింది. దాంతో ఆక్రమణ అన్న మాటకు తావు లేకపోయింది.

వియత్నాం పదేళ్లు ఉంది

దండయాత్ర మీద తీర్పు చివరికి ఈ పదేళ్ల దగ్గరే ఎక్కువగా మారుతుంది. 1979లోనే వెళ్లిపోతే ఏమయ్యేది? ఖ్మేర్ రూజ్ సేనలు థాయ్ సరిహద్దు అడవుల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి, థాయ్‌లాండ్ మీదుగా చైనా ఆయుధాలు అందుతున్నాయి. చేవలేని కొత్త ప్రభుత్వాన్ని వారు నెలల్లో కూల్చేవారన్న హనోయ్ భయం నిరాధారం కాదు. ఖ్మేర్ రూజ్ 1990ల చివరి దాకా పోరాడగలిగిందన్న వాస్తవమే అందుకు సాక్ష్యం.

కానీ సైన్యం ఉండటం ఒకటి, పెత్తనం చేయడం ఇంకొకటి. 1981లో ప్రధాని అయిన పెన్ సోవాన్ వియత్నాం సలహాదారుల మాటకు ఎదురు చెప్పినందుకు నెలల్లోనే పదవి పోగొట్టుకుని, హనోయ్‌లో పదేళ్లు నిర్బంధంలో గడిపాడు. 'కె-5' పేరిట థాయ్ సరిహద్దు వెంబడి మందుపాతరలు, కందకాలతో అడ్డుగోడ కట్టడానికి సాధారణ కంబోడియన్లను బలవంతంగా తరలించారు. ఎందరో మలేరియాతో, మందుపాతరలతో చనిపోయారు. ఖ్మేర్ రూజ్ వెట్టి నుంచి బయటపడినవారికే మళ్లీ ఈ వెట్టి తప్పలేదు. ఇక్కడికి వచ్చేసరికి విమోచన అనే మాట బాగా పలచబడిపోతుంది.

ఈ పదేళ్లూ ప్రపంచం చేసింది మరీ విడ్డూరం. 1979 సెప్టెంబరులో ఐరాస సభ 71-35 ఓట్లతో కంబోడియా స్థానాన్ని పోల్ పాట్ ప్రభుత్వానికే ఉంచింది. 34 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. ఆ పాలనను అంతగా దుయ్యబట్టిన అమెరికా కూడా ఆ 71లో ఒకటి. స్థానాన్ని ఖాళీగా ఉంచాలన్న ప్రతిపాదన ముందుకు సాగలేదు. అలీన దేశాల హవానా సదస్సు మాత్రం ఖాళీగానే ఉంచింది. దండయాత్రను గుర్తించకపోవడం ఒక విధానం. హంతకులకు కుర్చీ వేయడం దానికి అనివార్య పర్యవసానమేమీ కాదు.

కమ్యూనిస్టేతర ప్రభుత్వాల్లో భిన్నంగా నడిచింది భారత్. పి.వి. నరసింహారావు విదేశాంగ మంత్రిగా ఉన్న కాలంలో, 1980 జూలై 7న, హెంగ్ సామ్రిన్ ప్రభుత్వాన్ని గుర్తించింది. ఆసియాన్ దేశాలు నొచ్చుకున్నాయి, ఆ కూటమితో భారత్ దగ్గరితనం ఏళ్లపాటు వెనక్కి పోయింది. 1991 తర్వాత ప్రధానిగా అదే పి.వి. 'లుక్ ఈస్ట్' పేరుతో ఆ దారిని తిరిగి వేయాల్సి వచ్చింది. భారత పురావస్తు శాఖ నిపుణులు 1986 నుంచి 1993 వరకు ఆంగ్‌కోర్ వాట్ పునరుద్ధరణలో పనిచేయగలిగారంటే దానికి బాట వేసింది ఈ గుర్తింపే.

1989 సెప్టెంబరులో వియత్నాం చివరి దళాలు వెళ్లిపోయాయి. సోవియట్ సాయం తగ్గిపోవడం అందుకు ముఖ్య కారణం. 1991 అక్టోబరులో పారిస్ ఒప్పందాలు, 1993లో ఐరాస పర్యవేక్షణలో ఎన్నికలు వచ్చాయి.

తీర్పు ఎవరిది?

సరిహద్దు దాటడాన్ని సమర్థించడానికి తగినంత ఆధారం ఉంది. ప్రభుత్వాన్ని కూల్చడం చట్టం హద్దులను మించింది, కానీ దానివల్ల మిగిలిన ప్రాణాలను లెక్కలోకి తీసుకోకుండా నైతికంగా దాన్ని ఖండించడం కష్టం. పదేళ్ల పెత్తనానికి మొదట్లో ఉన్న కారణం ఏడాది ఏడాదికీ బలహీనపడింది. పోల్ పాట్ మూక చంపుతున్నది కంబోడియన్లనే అయి, వియత్నాం గ్రామాల జోలికి రాకుండా ఉంటే హనోయ్ కదిలేదా అన్న ప్రశ్నకు, అప్పటి పత్రాలను బట్టి చూస్తే, కదిలేది కాదనే చెప్పాలి. 1977 దాకా ఖ్మేర్ రూజ్‌తో అది సోదర భాషలోనే మాట్లాడింది.

2018 నవంబరులో కంబోడియాలోని ప్రత్యేక న్యాయస్థానం ఖ్మేర్ రూజ్ అగ్రనేతలు నువోన్ చియా, ఖియూ సంఫాన్‌లను జాతిహనన నేరానికి దోషులుగా తేల్చింది. వియత్నాం మూలాలున్నవారి విషయంలో ఇద్దరి మీదా ఆ నేరం రుజువైంది. దండయాత్ర చట్టబద్ధత ఆ న్యాయస్థానం ముందున్న ప్రశ్న కాదు. మరుసటి ఏడాదే సింగపూర్ ప్రధాని లీ సియెన్ లూంగ్ ఒక సంతాప సందేశంలో ఆనాటి ఘటనను దండయాత్రగా పేర్కొనగానే హనోయ్, ఫ్నోంపెన్ రెండూ భగ్గుమన్నాయి. కంబోడియాలో జనవరి 7 మారణహోమంపై విజయ దినంగా అధికారిక సెలవు. ప్రతిపక్షాలకు మాత్రం విదేశీ ఆక్రమణ మొదలైన రోజు.

2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద రష్యా దాడిని ఖండించే తీర్మానం ఐరాస సర్వసభ్య సభలో ఓటింగ్‌కు వచ్చింది. వియత్నాం, భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. కంబోడియా అనుకూలంగా ఓటేసింది. అప్పుడు ఆ దేశ ప్రధాని హున్ సేన్, 1979 జనవరిలో వియత్నాం ట్యాంకుల వెనకే ఫ్నోంపెన్‌కు తిరిగివచ్చిన మనిషి.